తాడేపల్లిగూడెంలో కత్తిరించిన పాట

పాత పాటలంటే పడిచచ్చే మనుషులంటే నాకు చీదర. నలభై ఏళ్ళు సినిమా హాళ్ళలో ప్రొజెక్టరు తిప్పిన నేనే ఈ మాట అంటే ఎవరూ నమ్మరు. మొన్న విజయ్ కుమార్ మా ఇంటికొచ్చినప్పుడు ఆ చీదర గొంతుదాకా వచ్చింది.

ఈయన మా ఏలూరులోనే బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. హిందీ పాటల రికార్డులు పోగేస్తాడు. వాట్సాప్‌లో గ్రూపొకటి పెట్టి, ఏ పాట ఎవరు పాడారో తనే జడ్జీ అయినట్టు తీర్పులు చెబుతుంటాడు. వచ్చి కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టాడు.

"గంగరాజు గారూ, అరవై ఏడులో మీరు గూడెంలో ఆపరేటరుగా ఉన్నారు కదండీ. మద్రాసులో తీసిన ఆ హిందీ బొమ్మ మీ హాల్లోనే ఆడిందట. హీరోయిన్ వల అల్లుతూ పాడే పాట అందులో ఉందాండీ, లేదాండీ?"

"ఇప్పుడెందుకండీ ఆ గొడవ?"

"మన పాటల టీచరు చాముండేశ్వరి గారు ఉన్నారు కదండీ, ఆ పాట తనే పాడానంటున్నారు. వచ్చే ఆదివారం ఆవిడకి సన్మానం చెయ్యాలని మా సంఘంలో కొందరి పట్టు. రికార్డు నా దగ్గరుందండీ. దాని మీద బొంబాయి గాయని పేరుంది, గొంతూ ఆవిడదే. యూట్యూబులో దొరికే సినిమాలో చూద్దామంటే అసలు ఆ పాటే లేదు. పెద్దావిడ, పాపం, ఏదో ఊహించుకుని చెబుతున్నారు. మీరొక్క మాటంటే గ్రూపులో ఆ ముక్కే రాసేస్తాను."

ఆ 'పాపం' వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. ఆ పాట ఉందో లేదో ఈ భూమ్మీద నాకంటే బాగా తెలిసినవాడు లేడు. రెండు రోజులు ఆగమని చెప్పి పంపించేశాను.

చాముండేశ్వరి గారిది దెందులూరు. తండ్రి బడిపంతులు. ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్లలు హిందీ ప్రచార సభ పరీక్షలకి ఎగబడి కట్టేవారు. ఈవిడ పదిహేనేళ్ళకే రాష్ట్రభాష దాకా పాసైపోయింది. గొంతు సరే, దేవుడిచ్చాడు. పంతులుగారు కూతుర్ని పట్టుకుని మద్రాసు రైలెక్కాడు. అరవై మూడో సంవత్సరం అది, ఆ పిల్లకి పదహారేళ్ళు. ఈ మద్రాసు సంగతులన్నీ మొన్న ఆవిడ నోటితో విన్నవే.

అప్పట్లో మద్రాసు స్టూడియోలవాళ్ళు హిందీ బొమ్మలు కూడా తీసేవారు. హీరో, హీరోయిన్ బొంబాయి నించి విమానంలో దిగేవాళ్ళు. వాళ్ళిచ్చిన పది రోజుల్లో పాటలన్నీ తీసెయ్యాలి. పేరున్న గాయనికేమో తీరిక దొరకదు. అందుకని ఎవరో ఒక పిల్లని తెచ్చి పాడించి, ఆ గొంతుకి హీరోయిన్ చేత పెదాలు ఆడించి షూటింగు కానిచ్చేవారు. తర్వాత పెద్ద గాయని వచ్చి పాడితే ఈ పిల్ల గొంతు తీసి అవతల పారేసేవారు. దాన్ని ట్రాకు అనేవారు. పిల్లకి ఇదేమీ చెప్పరు. "సినిమాలో నీ పేరు వేస్తామమ్మా" అంటారు, అంతే.

పంతులుగారిని లోపలికి రానివ్వలేదు, గేటు దగ్గరే నిలబెట్టారు. పిల్లని పొద్దున్న ఏడింటికి స్టూలు మీద కూర్చోబెట్టి సాయంత్రం నాలుగింటికి పాడించారు. మధ్యలో రెండిడ్లీలు. టేకు అయ్యాక ఆ నిర్మాత పిల్ల ముఖం కూడా చూడకుండా "ఎవరిదో గాని గొంతు పనికొస్తుంది" అని పక్కవాడితో అన్నాడట. పనికొచ్చే గొంతుకి పేరెందుకు వాళ్ళకి! థూ!

ఆ తర్వాత బొంబాయి గాయని రికార్డు కోసం పాడింది. కానీ అప్పటికే నిర్మాత చితికిపోయాడు. సినిమాలో గొంతు మార్చే దిక్కులేక ట్రాకే ఉంచేశారు. ఆ సంగతి స్టూడియోలో ఫిడేలు వాయించే మన జిల్లావాడొకడు పంతులుగారికి కార్డు ముక్క మీద రాసి పంపాడు. "మీ అమ్మాయి గొంతే సినిమాలో ఉందండీ" అని. ఆ కార్డు పట్టుకుని ఊరంతా తిరిగాడట పాపం. పెట్టెల్లో మూలిగి మూలిగి ఆ బొమ్మ విడుదలయ్యేసరికి పంతులుగారు పోయారు, కూతురికి పెళ్ళయిపోయింది.

పెళ్ళికొడుకు సోమసుందరం, గూడెంలో ఆఫీసు గుమాస్తా. అత్తగారు, పెళ్ళై ఆకివీడు వెళ్ళి నెలకి మూడుసార్లు పుట్టింటికొచ్చే ఆడపడుచు సత్యవేణి. కొత్తకోడలు సినిమాలో పాడానంటే ఆ ఇంట్లో ఎవరు నమ్ముతారు? "అయితే చూపించు" అన్నారు. ఆ బొమ్మ ఎప్పుడొస్తుందా అని రెండేళ్ళు ఎదురుచూసింది. అరవై ఏడులో ఆ సినిమా మా హాలుకి ఒక్క ఆదివారం ఉదయం ఆటకి వచ్చింది. ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని తీసుకొచ్చింది.

ఇక నా ఘనకార్యం వినండి. ఉదయం ఆట హిందీది, మధ్యాహ్నం ఆట తెలుగుది. పన్నెండున్నరకల్లా హాలు ఖాళీ అవ్వాలి. హిందీ బొమ్మ పొడుగెక్కువ. అలాంటప్పుడు మేం చేసేదొకటే, పాటలు కోసెయ్యడం. డ్యాన్సులుంటే జనం ఈలలేస్తారు కాబట్టి అవి ఉంచేవాళ్ళం. కదలకుండా కూర్చుని పాడే పాటలు బ్లేడుకి బలి. "ఆ వల పాట లేపెయ్" అన్నాడు మేనేజరు. లేపేశాను. ఆట అయ్యాక ఆ ముక్కని మళ్ళీ రీలుకి అతికి ప్రింటు పంపాలి, అది పద్ధతి. ఆ సాయంత్రం రైలుకి పెట్టెలు ఎక్కించే తొందరలో నేను అతకలేదు. యూట్యూబులో పాట లేనిది ఆ ప్రింటు నించి తీసినందుకేనేమో. మర్నాడు ఆ పాటని ఇంకా చిన్న ముక్కలు చేసి భూతద్దంలో చూసుకునే బడిపిల్లలకి అమ్మేశాను. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. మంచిపని చేశాననే అనుకున్నాను, ఛీ!

అది ఇంకా సగమే. ఆట వదిలాక కేబిన్ మెట్లమీద గాజుల చప్పుడైంది. ఆపరేటరు గదికి ఆడవాళ్ళు ఎక్కిరావడం నేనెప్పుడూ చూడలేదు. పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, రొప్పుతూ వచ్చిందావిడ.

"ఏవండీ, వల అల్లే పాట ఒకటి ఉండాలండీ. రాలేదేమండీ?"

కింద మెట్ల దగ్గర మొగుడూ, అత్తగారూ, ఆడపడుచూ తల పైకెత్తి చూస్తున్నారు. కోశామని చెబితే సినిమా కంపెనీ మనిషి చెవిన పడుతుంది, మేనేజరు నా ఉద్యోగం ఊడగొడతాడు.

"అలాంటి పాట ప్రింట్లోనే లేదండీ," అన్నాను. కింద వాళ్ళకి కూడా వినపడాలని గట్టిగా అన్నాను.

ఆవిడ ముఖం నాకిప్పటికీ కనబడుతుంది. మెట్లు దిగిపోయింది. కింద ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ రోజు నించీ ఆ ఇంట్లో ఆవిడ పేరు 'బొంబాయి గాయని'. పేరంటానికెళ్ళినా, పెళ్ళికెళ్ళినా అదే మాట. కూరలో ఉప్పెక్కువైందని ఆవిడ అంటే "నువ్వు చెబితే నమ్మాలా?" అనేవారట. మొగుడు స్నేహితుల్ని ఇంటికి తెచ్చి "మా ఆవిడ పాటలు కనబడవండోయ్" అని నవ్వించేవాడట. ఆ తర్వాత వాళ్ళూ, కొన్నేళ్ళకి నేనూ ఏలూరు చేరాం. ఆవిడ బడిలో పాటల టీచరైంది. మా మనవరాలు సుమనకి సరళీవరసలు చెప్పింది కూడా ఆవిడే. నేను పిల్లని దింపడానికి వెళ్ళేవాణ్ణి, తలవంచుకుని వచ్చేసేవాణ్ణి. ఆవిడకి నేనెవరో తెలియదు. అదే నా ధైర్యం.

విజయ్ కుమార్ వచ్చి వెళ్ళిన మర్నాడు వెళ్ళి చెప్పేశాను. కుర్చీలో కూర్చోలేదు, నిలబడే చెప్పాను. ఆవిడ నా చేతులకేసి చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను పాడానో లేదో నాకే అనుమానం వచ్చేసిందండీ గంగరాజు గారూ. అంతమంది అంటుంటే, కల గాని కన్నానా అనుకునేదాన్ని. రేడియోలో ఆ బొంబాయి ఆవిడ గొంతు వింటే, ఇదే నిజమేమో అనుకునేదాన్ని," అన్నారు.

అక్కణ్ణించే విజయ్ కుమార్‌కి ఫోన్ చేసి పాట ఉందని, కోసింది నేనేనని చెప్పాను. "ఆ ఫిలిం ముక్క మీ దగ్గరుందాండీ? ఆధారం లేకుండా గ్రూపులో ఒప్పుకోరండీ," అన్నాడు. మనిషి ఎదురుగా బతికుంటే ఈ మహానుభావుడికి ఫిలిం ముక్క కావాలట! ఫోన్ పెట్టేశాను.

"ఆ శాలువా నాకొద్దులెండి," అన్నారావిడ. "మా అత్తింటివాళ్ళలో ఇంకా మిగిలింది మా వదినగారొక్కరే. ఆకివీడులో ఉన్నారు. ఆవిడ ముందు ఈ మాట చెబుతారా? నేను అబద్ధాలకోరుని కానని ఒక్కళ్ళ నోటితోనైనా వినాలనుంది."

కైకలూరు మీదుగా బస్సులో వెళ్ళాం. పాతరోజుల్లో ఈ దారి పొడవునా కొల్లేరు కనిపించేది. ఇప్పుడు అన్నీ చేపల చెరువుల గట్లే. కుళ్ళిన దాణా కంపు, ముందు వెళ్ళే చేపల లారీ నించి కారే ఐసు నీళ్ళ కంపు. నేను కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ పెట్టుకోలేదు, దారంతా మద్రాసు సంగతులు చెబుతూనే ఉన్నారు. అంత ఉత్సాహంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

సత్యవేణి గారికి ఎనభై నాలుగు. మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చుంది. చెవులూ బాగున్నాయి, మాటా బాగుంది. కోడలు కాఫీలు తెచ్చి పెట్టి వెళ్ళింది.

"మీ మరదలు గారు అబద్ధం చెప్పలేదమ్మా. అబద్ధం చెప్పింది నేను. పాట ఉంది. నా చేత్తో నేనే కోశాను," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత ఎండలో ఈ మాట చెప్పడానికొచ్చారా నాయనా? ఉందని నాకు తెలుసుగా."

"అదేంటి వదినగారూ?" అన్నారు చాముండేశ్వరి గారు.

"ఆ నెల్లోనే మా ఆయనతో రాజమండ్రి వెళితే అక్కడా ఆ బొమ్మే ఆడుతోందే. చూశాం. వల అల్లుకుంటూ పాడుతుంది. నీ గొంతే. నోరు తెరవగానే పట్టేశాను. తిరిగొచ్చి అమ్మకీ తమ్ముడికీ చెప్పాను."

"ఆయనకి చెప్పారా?"

"చెప్పకేం? ఇది దాని చెవిన పడితే మళ్ళీ మద్రాసంటుంది, ఇంట్లో నిలవదు అంది అమ్మ. సోమం కూడా సరేనన్నాడు. అయినా ఇప్పుడెందుకే అవన్నీ? నీకేం లోటు చేశామని? కొడుకు, ఇల్లు, ఉద్యోగం, అన్నీ ఉన్నాయి."

అక్కడ ఆడింది వేరే ప్రింటన్నమాట, దాన్నెవరూ కొయ్యలేదు. నా తప్పు నేను ఇంతకాలం మోశాను. వీళ్ళు ఏ బరువూ లేకుండా, ఆవిడ వండిన అన్నం తింటూ, ఆవిడ ముఖం మీదే నవ్వుతూ బతికేశారు. యాభై ఏళ్ళు పక్కనే ఉన్న మొగుడికి ఒక్క పూటైనా నోరు పెగల్లేదు.

చాముండేశ్వరి గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత మెల్లగా అడిగారు.

"ఎలా ఉంది వదినగారూ? ఆ సినిమాలో పాట నేనింతవరకూ వినలేదు."

"బాగానే ఉందే. నా పక్కన కూర్చున్నావిడ కళ్ళొత్తుకుంది."

చాముండేశ్వరి గారు తలాడించి లేచారు. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

"వచ్చే నెల్లో ఆయన తద్దినం. మా కోడలికి ఆఫీసు కదా అని తొమ్మిదేళ్ళుగా మడి కట్టుకుని వంట నేనే చేస్తున్నాను. ఈ ఏడు చెయ్యను. అబ్బాయి ఎవరినైనా పెట్టుకుంటాడు."

"శివశివా! అవేం మాటలే? కట్టుకున్నవాడికి తద్దినం వంట చెయ్యనంటావా?"

"చెయ్యనండి," అని ఆవిడ వాకిట్లోకి వెళ్ళి చెప్పులు వేసుకున్నారు.