డబ్బా ఖాళీ చేసేదెవరు?

ఉబ్బసం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పెళ్లయి గుంటూరు వచ్చాక మిరపకాయల ఘాటు దానికి తోడైంది. మా ఆయన మిర్చి బస్తాలు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తారు. సీజన్లో ఆయన సాయంత్రం వచ్చి చొక్కా విప్పి కుర్చీ మీద వేస్తే చాలు, నా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. కిందటేడు బడిలో పాఠం చెబుతూ చెబుతూ ఊపిరాడక కూలబడ్డాను. డాక్టరుగారు మందులు మార్చి, మా ఆయన వైపు తిరిగి, ఈవిడ చేత ఇల్లు ఊడ్పించకండి అన్నారు.

చీపురు ఇంకెవరైనా పట్టుకోవాలని ఆ మాటకు అర్థం. మా ఆయనకు మాత్రం మిషను కొనాలని అర్థమైంది.

ఆ ఆదివారమే వాక్యూమ్ క్లీనరు షాపు మనిషి ఇంటికి వచ్చాడు. ఇది సంచీ లేని రకమనీ, దుమ్మంతా ప్లాస్టిక్ డబ్బాలో పడుతుందనీ, ఎలర్జీ ఉన్నవాళ్లకు ఇంతకు మించింది లేదనీ చెప్పాడు. మా పరుపు మీద, సోఫా మీద మిషను తిప్పాడు. తర్వాత హాలు మధ్యలో పేపరు పరిచి, పైన ఫ్యాను తిరుగుతుండగానే డబ్బా అడుగు మూత తెరిచాడు. బూడిదలాంటి దుమ్ము, దూది నూగు, ఎర్రటి మిరపపొడి కుప్పగా పడ్డాయి.

"చూశారా మేడమ్, ఇన్నాళ్లూ మీరు దీంట్లోనే పడుకున్నారు."

నేను గోడ పట్టుకుని ఇన్‌హేలరు వెతుక్కుంటున్నాను. మా ఆయనా, చూడ్డానికి వచ్చిన ఆడపడుచూ ఆ కుప్పనే చూస్తున్నారు. ఇల్లు ఇంత మురికిగా పెట్టుకుంటే ఆయాసం రాక ఏమవుతుందని ఆవిడ అంది. జవాబు చెప్పడానికి నాకు ఊపిరి లేదు. ఆవిడ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మిషను కొన్నారు. దుమ్ము బాగానే లాగేది, కాదనను. కానీ నిండిన డబ్బా ఎవరు ఖాళీ చేస్తారు? నేనే. పెరట్లోకి తీసుకెళ్లి, ముక్కుకు చున్నీ కట్టుకుని మూత తీస్తే మొహం మీదికే లేచేది. ఆ పైన లోపలి ఫిల్టరు దులిపి కడగాలి. ప్రతి ఆదివారం ఆ పని అయ్యాక సాయంత్రం దాకా మంచం మీదే. ఒకసారి విసుగెత్తి, ఈ వారం మీరు చేయండి అన్నాను. ఆయన వెళ్లి, మూత కాస్త తీసీ తీయగానే కళ్లు నులుముకుంటూ దగ్గుతూ వచ్చారు. ఘాటుగానే ఉందన్నారు. మళ్లీ దాని జోలికి పోలేదు. నిండిన డబ్బా పెరటి గుమ్మం దగ్గర అలాగే ఉండిపోయింది.

బడి సెలవు రోజున ఆ నిండిన డబ్బా అలాగే బిగించి, మిషను ఆటోలో వేసుకుని షాపుకు వెళ్లాను. మేనేజరు ఏసీ గదిలో ఉన్నాడు. విషయం చెబితే, నెమ్మదిగా తీస్తే దుమ్ము రాదని నవ్వాడు. డబ్బా ఊడదీసి అతని టేబులు మీద పెట్టి, మూత మీట మీద వేలు వేశాను.

అతను లేచి నిలబడ్డాడు. "ఇక్కడొద్దు మేడమ్. కస్టమర్లున్నారు, దుమ్ము లేస్తుంది."

"మా ఇంట్లో లేవదా అండీ? ఆయాసం ఉన్నదాన్ని నేను. మరి నాకెందుకు అమ్మారు?"

నా పిల్లికూతలు ఆ గదిలో అందరికీ వినిపించాయి. చాలాసేపు వాదించాక మిషను వెనక్కి తీసుకుని, సంచీ ఉన్న రకం ఇచ్చాడు. ఆ సంచీ బయటికి తీసేటప్పుడు దాని మూతి దానంతట అదే మూసుకుంటుంది. తెరవకుండా చెత్తలో పడేయొచ్చు. సంచీ మార్చడం మా ఆయన పనేనని ఇంటికి రాగానే చెప్పేశాను. ఆయన మారుస్తున్నంతసేపూ నేను వీధి అరుగు మీద కూర్చుంటాను. సీజన్లో ఆయాసం ఇప్పటికీ వస్తుంది. ఊరి గాలిని ఏ మిషను కడుగుతుంది? కానీ ఆదివారాలు మంచాన పడడం తగ్గింది.

ఆయన మాత్రం అందరితోనూ, ఆ మిషను మా ఆవిడకు పడలేదండీ అంటారు. లోపం నా ఊపిరితిత్తులదే అన్నట్టు. మొన్న చీరాలలో ఒక పెళ్లికి వెళ్తే, బంతిలో పక్కనున్న బంధువు తన కూతురికి ఉబ్బసమనీ, సంచీ లేని మిషను కొందామనుకుంటున్నాననీ అన్నాడు. మా ఆయన మళ్లీ అదే మాట ఎత్తుకున్నారు.

"నాకు పడకపోవడం కాదు," అన్నాను, అందరికీ వినబడేలా. "దాన్ని ఖాళీ చేయడం ఈయనకు పడలేదు. అన్నయ్యగారూ, అదే కొంటే డబ్బా మీరు ఖాళీ చేయండి, పిల్ల చేత చేయించకండి."

మా ఆయన తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నారు.