వకీలు ఫీజులో నేను కొట్టేయించిన పద్దు

ఇంద్రేశంలో నూట యాభై గజాల జాగా చూసిన రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. పటాన్‌చెరు మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తూ పన్నెండేళ్లు కిరాయి ఇళ్లలో బతికినదాన్ని. సీసాల మీద లేబుళ్లు సరిచూస్తూనే ఆ జాగాలో వంటిల్లు ఎటువైపు రావాలో మనసులో గీసేసుకున్నాను. అమ్మేవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. జాగా చనిపోయిన వాళ్ల నాన్న పేరు మీద ఉంది, వాళ్ల అమ్మ అంతకుముందే పోయింది. శుక్రవారంలోగా బయానా ఇవ్వకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు. మేం కూడబెట్టిందంతా ఆ బయానాకే సరిపోతుంది.

మా ఆయన మాత్రం "ఒక్కసారి వకీలుకు సూపిద్దాం" అని నన్ను సంగారెడ్డికి లాక్కుపోయాడు.

వకీలు ముసలాయన. ఫీజు ఒక్క మాటలో చెప్పకుండా కాగితం మీద విడివిడిగా రాశాడు. పాత దస్తావేజులన్నీ చదివి అభిప్రాయం రాసివ్వడానికి ఒకటి. రిజిస్ట్రేషన్ కాగితం తయారుచేసి ఆ రోజు పక్కన ఉండడానికి ఒకటి. స్టాంపు సుంకం సర్కారుకు పోతుంది, అందులో తనకేమీ రాదు. చదువుతుంటేనే నాకు ఒళ్లు మండింది.

"జాగా కొనకపోయినా ఇయ్యాల్నా సారూ?"

"ఇయ్యాలె బిడ్డా. కొనొద్దని చెప్పనీకె గూడ నేను గవన్నీ సదవాలె గదా."

ఆ మాటకు ఇంకా మండింది. అన్నిటికంటే కింద 'ఊరిలో విచారణ' అని ఉంది. దాన్ని పట్టుకున్నాను.

"ఆ ఊరు మాకు పక్కనే సారూ. గిది కొట్టెయ్. నేనే అడిగొస్త."

ఆయన నవ్వి కొట్టేశాడు. "సరే, ఒక్క ముచ్చట కనుక్కొని రా. ఆ ఇంట్ల ఆడపిల్లలు ఎంతమంది పుట్టిన్రు?"

బేరం గెలిచానని బస్సులో దారంతా మా ఆయన్ని ఆటపట్టించాను.

మరునాడు షిఫ్టు దిగి నేరుగా ఇంద్రేశం వెళ్లాను. వాటాల సంగతి సూటిగా అడిగితే ఎవరూ నోరు విప్పరు. అందుకని కిరాణా కొట్టులో అరకిలో చక్కెర కొంటూ, "ఆ ఇంటికి బతుకమ్మకు ఎవరెవరొస్తరక్కా?" అని కదిపాను. పెళ్లయిన ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే పండుగ అది. ఎవరింటికి ఎవరు వచ్చారో ఊళ్లో ఆడవాళ్లకు తెలిసినంత ఏ ఆఫీసుకూ తెలియదు.

"ఇంకెవరు, ఉన్న ఒక్క ఆడబిడ్డ, అందరికన్న పెద్దది. లక్డారం కెల్లి వస్తది" అంది కొట్టు నడిపే ఆమె.

అన్నదమ్ములు మాకు ఈ అక్క మాటే చెప్పలేదు. దొంగను పట్టినంత సంబరం! రోడ్డు మీద నిలబడే వకీలుకు ఫోన్ చేశాను.

"తండ్రి వీలునామా రాయలే. ఆమెకు గూడ సమానం వాటా ఉన్నది. ఆమె సంతకం లేకుంట కొంటే, ఇల్లు కట్టినంక గూడ దావా వెయ్యొచ్చు" అన్నాడాయన.

శుక్రవారం బయానా లేకుండానే అన్నదమ్ముల దగ్గరికి వెళ్లాం. అక్క మాట ఎత్తగానే అన్నదమ్ముల్లో చిన్నవాడు తెల్లబోయాడు. "ఏటేటా చీరె పెడ్తనే ఉన్నం గదా. ఆడబిడ్డకు ఇంకేం కావాలె?"

మోసం చేద్దామని కాదు, వాళ్లు నిజంగానే అలా అనుకున్నారు. మా అన్నలు పెట్టిన చీర నేనూ మారు మాట్లాడకుండా కట్టుకున్నదాన్నే. అయినా పట్టు విడవలేదు. "అక్క సంతకం పెడ్తెనే బయానా" అన్నాను. వేరేవాళ్లకు అమ్ముకుంటామని వాళ్లు లేచిపోయారు. జాగా పోయిందనుకుని ఇంటికి వచ్చి బాగా ఏడ్చాను.

నాలుగు రోజులకు, భోజనాల గంటలో ఫోన్ మోగింది. అన్నదమ్ముల్లో పెద్దాయన. వేరేవాళ్ల వకీలూ అదే అడిగాడట! అక్కకు వాటా ఇచ్చి సంతకం పెట్టిస్తామన్నాడు. క్యాంటీన్‌లో అందరి ముందూ గంతేశాను.

రిజిస్ట్రేషన్ రోజు అక్క వచ్చింది. తన వాటా చెక్కు చేతికి అందాక తీరిగ్గా, ఒక్కో అక్షరం పేర్చుకుంటూ సంతకం చేసింది. జాగా మాదైంది! ఆఫీసు మెట్ల మీదే జిలేబీ పొట్లం విప్పి అందరికీ పంచాను.

అక్క తన జిలేబీ తినకుండా చేతిలోనే పట్టుకుని వకీలు దగ్గరికి నడిచింది.

"సారూ, మా నాయినకు రెండెకరాల పొలం గూడ ఉండె. ఆ కాగితాలు సదివి చెప్పనీకె ఎంత తీస్కుంటవ్?"

తమ్ముళ్లిద్దరూ నమలడం ఆపేశారు.