ఈ రోడ్డు యాడికి పోతాది?

మేము కరువు పనిలో కంకర కొట్టడానికి చేరిన కొన్నాళ్లకే ఓవర్సీరు మారాడు. పాతాయన నోరు తెరిస్తే తిట్లే, కాబట్టి ఆయనతో అనుమానం ఉండేది కాదు. కొత్తాయన గుర్రం దిగి నవ్వుతూ పలకరించేవాడు. అతి వినయం ధూర్త లక్షణం అంటారు కదా, మొదటిరోజే నాకూ మా అత్తకూ గుండెల్లో రాయి పడింది.

ఒకనాడు మా కుప్ప దగ్గర కూర్చుని, "మీరు కొట్టేది ఉత్త రాళ్లు కాదమ్మా. ఈ రోడ్డు మిషన్ ఆసుపత్రికి పోతుంది. ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో తలచుకోండి" అన్నాడు. మేము చర్చికి పోయేవాళ్లమని ఎవరో చెప్పి ఉంటారు. నాకు ఒళ్లు పులకరించిన మాట నిజం. కడుపుతో ఉండి కూడా మధ్యాహ్నం దాకా సుత్తె దించలేదు.

సంగటి తినేటప్పుడు గుట్టు బయటపడింది. పక్క కుప్పలో విభూతి పెట్టుకునే వాళ్లకు అదే రోడ్డు శ్రీశైలం పోతుందని చెప్పాడట. ఆ అవతలి సాయిబుల ఆడవాళ్లకు దర్గాకట.

"చూస్తివా? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటాండాడు" అంది అత్త.

సాయంత్రం నేరుగా పోయి అడిగేసింది. "ఏమప్పా, నిజం చెప్పు. ఈ రోడ్డు యాడికి పోతాది?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "నాకూ తెలియదమ్మా. ఆ గుట్ట దాకా వేయమన్నారు, అంతే."

"గుట్ట ఎవురికి గావాల? దాని పక్కనుండే నీళ్ల చెలమకు తిప్పు. నా కోడలు కడుపుతో ఉండాది. పొద్దంతా రాళ్లు కొట్టి, మళ్లా ఆ ముళ్లదావలో నీళ్లకడవ మోస్తాండాది. మొన్న కాలుజారి పడె. ఆ దావ ఎయ్యి, నువ్వు ఏ కతా చెప్పకుండానే కొడతాం."

పైవాళ్లను అడగాలన్నాడు. మర్నాడు రాలేదు. తప్పించుకున్నాడని అత్త తేల్చేసింది. ఆ మరుసటి పొద్దున పోయి చూస్తే, రోడ్డుకు గుర్తుగా గీసిన సున్నపు గీత గుట్ట ముందర వంగి చెలమవైపు తిరిగి ఉంది. ఆరోజు అన్ని కుప్పలవాళ్లమూ చీకటి పడేదాకా కొట్టాం. పుణ్యం మాట ఎవరూ ఎత్తలేదు.

నెలలు నిండేదాకా నేను ఆ రోడ్డు మీదే నీళ్లు తెచ్చుకున్నాను. మళ్లీ పడలేదు. మా పెద్దమ్మాయి చక్కగా పుట్టింది.

అత్త మాత్రం ఓవర్సీరును చివరిదాకా నమ్మలేదు. "మన కోసరం ఏసినాడా? ఆయప్ప గుర్రానికీ నీళ్లు గావాల" అనేది. కానీ ఆ మలుపులో కంకర లేచి కనిపిస్తే, కడవ దించి, రాయిని మళ్లీ గుంతలో కూర్చి, మడమతో తొక్కి గానీ ముందుకు కదిలేది కాదు.