చైనీస్ క్లాసు పెట్టిన మొండి మేడమ్

మా అమ్మాయి చదివే బడి హెడ్‌మిస్ట్రెస్ ఈస్టర్ సెలవుల్లో పోయారు. గుండె ఆగిందట. కబురు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆఫీసు క్యాంటీన్‌లో ఉడికించిన బంగాళాదుంపల ముందు కూర్చుని చదివాను. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. సెప్టెంబర్‌లో ఆవిడ తలపెట్టిన చైనీస్ క్లాసు మొదలవ్వాలి. ఇంత గొడవ మా నెత్తిన పెట్టి మధ్యలో వెళ్ళిపోవడమేమిటి? రెండు నిమిషాలు మాట్లాడాలన్నా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని రమ్మని మమ్మల్ని సతాయించిన మనిషి, తను మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు.

మాది జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్. ఊళ్లో సగంమంది కార్ల పనిలో ఉంటారు, మిగతా సగంమంది వాళ్ళకి రొట్టెలమ్ముతారు. పదో తరగతి దాకా ఉన్న మా సర్కారు బడిలో మేడమ్ చైనీస్ క్లాసు పెడతానన్నారు. భాష ఒక్కటే కాదు, భూగోళం కూడా చైనీస్‌లోనే చెబుతారట. "మన పిల్లల ఫోన్లు, బొమ్మలు, రేపో మాపో కార్లూ చేసేవాళ్ళకి కనీసం నమస్కారం పెట్టడం రావద్దా?" అనేవారు. తగినంతమంది చేరితేనే పైవాళ్ళు టీచర్ని ఇస్తారు. ఒక్కరు తగ్గినా క్లాసు లేదు. ఆ పిల్లల్ని పోగుచేసే పని పేరెంట్స్ ప్రతినిధినని నాకు తగిలించారు. ఆ పదవికి నన్ను ఎన్నుకున్నదీ వేరెవరూ చెయ్యెత్తకపోవడం వల్లే.

ఆవిడతో మీటింగంటే నాకు ఒళ్ళు మండేది. జనవరిలో, బయట మంచు పడుతుంటే, మాట మొదలెట్టే ముందు కిటికీలన్నీ బార్లా తెరిచేవారు. మేం కోట్లు తొడుక్కుని గజగజ వణికేవాళ్ళం. "ముందు గాలి మారాలి, తర్వాత మాట" అని ఆవిడ మాత్రం స్వెట్టర్ చేతులు పైకి మడుచుకునేవారు. సైకిల్ హెల్మెట్‌కి అణిగిపోయిన జుట్టు రోజంతా అలాగే ఉండేది. ఎవరైనా తన మాటకు అడ్డొస్తే, పూర్తిగా విని, తల ఊపి, మళ్ళీ మొదటి మాటే చెప్పేవారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళని చూశాను గాని, ఇంత మర్యాదగా అనేవాళ్ళని చూడలేదు.

ఇక మనవాళ్ళ సంగతి. తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ కాళ్ళరిగేలా తిరిగాను. గుంటూరు నుంచి వచ్చినావిడ, "ముందు మీ పాపని చేర్పించండి వదినా, చూసి మేమూ చేర్పిస్తాం" అంది. కరీంనగర్ నుంచి వచ్చినాయన, "ఆళ్ళు చేర్పిచ్చిన్రా అక్కా? ఆళ్ళు చేర్పిస్తె మేం గూడ చేర్పిస్తం" అన్నాడు. ఆ "ఆళ్ళు" గుంటూరు వాళ్ళే. అందరూ గోడ మీద పిల్లులే. చివరికి ఆవిడకి ఈయన చేర్పిస్తున్నాడనీ, ఈయనకి ఆవిడ చేర్పిస్తోందనీ చెప్పి ఒప్పించాను. పేళ్ళన్నీ మేడమ్‌కిచ్చి, నా పని అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను.

అయిపోలేదు. "పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు, బాగుంది. ఇప్పుడు ఒక్కొక్క పిల్లనీ పిల్లాడినీ నా గదికి పంపండి. ఒంటరిగా" అన్నారు.

అది విని మనవాళ్ళు ఏమనుకుంటారు? అడ్మిషన్ ఇంటర్వ్యూ అనుకున్నారు. హైదరాబాద్‌లో ఎల్‌కేజీ సీటుకి తయారుచేసినట్టు తయారుచేశారు. ఇస్త్రీ చొక్కాలు, నున్నగా దువ్విన తలలు, ప్లాస్టిక్ ఫోల్డర్లలో అబాకస్ సర్టిఫికెట్లు. "చైనా ఆర్థికశక్తిగా ఎదుగుతున్నందున" అని పిల్లల చేత బట్టీ పట్టించారు. నేనూ పట్టించాను. వరండాలో అందరం గుడిలో ప్రసాదం కోసం నిలబడ్డట్టు నిలబడ్డాం.

లోపల మేడమ్ అడిగింది ఒక్కటేనట. "నీకు ఇష్టమేనా? వద్దంటే ఎవరూ కోప్పడరు." పిల్లలు ఆర్థికశక్తి పాఠం అప్పజెబితే, తన చీజ్ బ్రెడ్డులో సగం విరిచి ఇచ్చి, తిన్నాక మళ్ళీ అదే అడిగేవారట. మా అమ్మాయి బ్రెడ్డు తిని, మూతి తుడుచుకుని, జర్మన్‌లో "నైన్", అంటే వద్దు, అని చెప్పి వచ్చేసింది. దాంతోపాటు మరికొంతమంది కూడా. నేను పోగుచేసిన పేళ్ళు ఒక్క పూటలో బొటాబొటికి వచ్చాయి.

ఒంటికాలి మీద లేచాను. "దానికేం తెలుసండీ? పదేళ్ళ పిల్ల! తల్లిని నేను చెబుతున్నాను కదా" అన్నాను.

"అయితే క్లాసుకి మీరు రండి. ఎవరు ఒప్పుకుంటే హోంవర్క్ వాళ్ళదే" అన్నారు మేడమ్. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ నెలంతా ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాను.

ఆవిడ మాత్రం హోంవర్క్ చేసేవారు. రాబోయే చైనీస్ టీచరమ్మ దగ్గర అప్పుడే పాఠాలు మొదలెట్టారు. ఆ టీచరమ్మ అందరి ముందే తప్పులు దిద్దేది. "మళ్ళీ" అంటే మళ్ళీ, "ఇంకోసారి" అంటే ఇంకోసారి పలికేవారు మేడమ్. ఆ వయసులో, ఆ హోదాలో, సిగ్గన్నది లేకుండా. అది చూస్తే మాత్రం నా కోపం నిలిచేది కాదు.

ఆవిడ పోయిన వారానికి మా గ్రూపులో పాత జబ్బు తిరగబెట్టింది. "మేడమ్ లేనప్పుడు ఇంకెవరు పట్టించుకుంటారు?" "మీరు మానిపిస్తున్నారా అన్నయ్యా?" "ఆళ్ళు మానేస్తె మేం గూడ మానేస్తం." ఒక్కరు జారినా క్లాసు పోతుంది, టీచరమ్మ ఉద్యోగమూ పోతుంది. మళ్ళీ ఇళ్ళకి బయలుదేరాను. ఈసారి అబద్ధాలు చెప్పే ఓపిక కూడా లేదు.

కరీంనగర్ ఆయన తలుపు తీశాడు, మొహం వేలాడేసుకుని. "నేను మానేద్దమనే అంటున్న అక్కా. మా పోరడే వింటలేడు. మేడమ్‌కు నేను చెప్పిన, నువ్వు చెప్పలే అంటుండు." గుంటూరు ఆవిడింట్లో కూతురు, క్లాసు మానిపిస్తారని అలిగి, గదిలోంచి బయటికే రాలేదట. ఏ ఇంటికెళ్ళినా అదే గోల. పెద్దవాళ్ళందరూ వెనక్కి తగ్గారు, పిల్లలు ఒక్కరూ తగ్గలేదు. మాటిచ్చింది వాళ్ళు. తలుపు మూసిన గదిలో, అమ్మానాన్నల్లేకుండా, వద్దనే వీలుండి కూడా సరేనన్నారు. మేమిచ్చిన మాటలకి ఎంత విలువుందో అదే వారంలో తేలింది. మేడమ్ ఉంటే ఆవిడ ముందు ఒప్పుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆవిడే రైటు, ఆవిడంటే నాకు చాలా ఇష్టం.

సెప్టెంబర్‌లో క్లాసు మొదలైంది. మా అమ్మాయి పక్క గదిలో ఫ్రెంచ్ చదువుకుంటోంది, హాయిగా. మొదటిరోజు నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. టీచరమ్మ గోడకి చైనా నుంచి తెప్పించిన ప్రపంచపటం తగిలించింది. అందులో చైనా నడిమధ్యన ఉంది. యూరప్ ఎక్కడో ఎడమ అంచుకి నెట్టుకుపోయి, చినిగి ఊడిపడేలా ఉంది. పిల్లలంతా ఆ మూలకి ఎగబడ్డారు, ఒకరి భుజాల మీంచి ఒకరు, మా ఊరికోసం వెతుకుతూ. గుంటూరు ఆవిడ కూతురు మునివేళ్ళ మీద లేచి, పటం చివరంచున వేలు ఆనించి, "ఇదిగో, మనం ఇక్కడున్నాం!" అని జర్మన్‌లో అరిచింది.