బాలింత వాపు

మీ ఇంట్లో ఏదైనా జబ్బును ముద్దుపేరుతో పిలుస్తుంటే, దాని అసలు పేరేమిటని ఎప్పుడైనా అడిగారా?

నేను సింగపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్కడే పుంగ్గోల్ ప్రాంతంలో ఉండే మా అక్క ముక్కు తీరు మార్చుకునే సర్జరీకి సిద్ధపడింది. తోడుగా వెళ్లాను. ఆపరేషన్‌లో రక్తం ఎక్కువగా పోకుండా ఒక మందు ఇస్తామన్నారు డాక్టర్. అదెలా పనిచేస్తుందని కుతూహలంగా అడిగాను. గడ్డకట్టిన రక్తాన్ని త్వరగా కరగనివ్వదట. అందుకే, ఇదివరకు కాలిలో రక్తం గడ్డకట్టిందా అని అక్కను అడిగారు.

"నో డాక్టర్," అంది అక్క.

"బాబు పుట్టాక నీ కాలు వాచింది కదక్కా?"

"అది బాలింత వాపే! నీ డిబేట్ ఇక్కడ మొదలుపెట్టకు."

"వట్టి వాపుకు నెలల తరబడి పొట్టలో ఇంజెక్షన్లెందుకు ఇచ్చారు?"

ఇంజెక్షన్లన్న మాట విని డాక్టర్ ఏమిటని ఆరా తీశారు. అక్క వెంటనే అమ్మకు ఫోన్ చేసింది.

"రక్తం గడ్డే తల్లీ. పచ్చి బాలింతవు, బెదురుతావని వాపన్నాం," అంది అమ్మ.

అక్క ఆ మాటే డాక్టర్‌కు చెప్పింది. ఆ మందు ఇవ్వనని, పరీక్షలయ్యేదాకా సర్జరీ కూడా వద్దని డాక్టర్ తేల్చేశారు.

"ముక్కు కోసం వస్తే కాలి సంగతి బయటపడిందే!" అని ట్రైన్‌లో అక్క నవ్వింది. నా చేయి మాత్రం వదల్లేదు.

ప్రేమతో దాచిన పేరు ఆరోజు ప్రాణం మీదికి తెచ్చేదే. దయచేసి ఇవాళే మీ పెద్దలకు ఫోన్ చేసి, మీ పాత జబ్బుల అసలు పేర్లు అడగండి.