పడిపోతే పట్టుకోవడానికి

మా విద్యార్థి సంఘం కార్యదర్శికి నెత్తురంటే భయం. ఆ భయం పోగొట్టుకోవడానికే సంఘంలో చేరానని అందరికీ చెప్పేవాడు. గోదావరిఖనిలో గని కార్మికులెవరికైనా దెబ్బ తగిలి నెత్తురు కావాలని సంఘానికి కబురొస్తే, క్లాసు మధ్యలోనే లేచేవాడు.

"నేనిస్త. పడిపోతే పట్టుకోవాలె, మీరు నలుగురు జల్ది రాండ్రి."

దవాఖానలో సూదులు మరిగే గిన్నె చూడగానే పడిపోయేవాడు. పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టేవాళ్లం. డాక్టరు అతన్ని వదిలేసి మావైపు తిరిగేవాడు. మాలో ఎవరి నెత్తురు సరిపోతే వాళ్లను కూర్చోమనేవాడు. మొదటిసారి నేను భయంతో కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాను.

కళ్లు తెరిచి కార్యదర్శి అడిగేవాడు: "నాది తీస్కున్నరా?"

"లేదన్నా, మాది తీస్కున్నరు."

"అయితే వచ్చేసారి నాదే."

చదువు పూర్తయినా అతని భయం పోలేదు. మాది పోయింది.