గుర్తు తెలియని మహిళ

మొన్న మంగళవారం కొరియర్లో ఒక పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, పెళ్లి ఆల్బమ్ అంత బరువు. ఈమధ్య డబ్బున్నవాళ్లంతా కలిసి ఆడపిల్లలకు జీతాలిచ్చి ఆడించే బాస్కెట్‌బాల్ లీగ్ ఒకటి మొదలుపెట్టారు. అందులో విశాఖపట్నం జట్టు ఒకటుంది, పేరు ఇంగ్లీషులో ఏదో పులి. ఆ పులి పుట్టింది మా నర్సీపట్నంలో, ఒక షావుకారు గారి జీడిపిక్కల ఫ్యాక్టరీలో. ఇప్పటి యజమాని ఆయన మనవడే. జట్టు చరిత్ర అచ్చువేయించి, అప్పట్లో ఆడిన మాకందరికీ తలా ఒకటి పంపించాడు. సంబరంగా కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో మా ఫోటో, కింద మా పేర్లు, టోర్నమెంటు సర్టిఫికెట్లు చూసి రాసుకున్నట్టున్నారు, ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, పోనీ. కుడి చివర నిలబడిన మనిషికి మాత్రం "గుర్తు తెలియని మహిళ" అని వేశారు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. గుర్తు తెలియని మహిళ అని మన పేపర్లలో ఎవరికి రాస్తారండీ? కాలవలో కొట్టుకొచ్చిన శవానికి రాస్తారు. ఎత్తు ఇంత, ఒంటి మీద ఫలానా రంగు చీర, బంధువులెవరైనా ఉంటే పోలీసుస్టేషనుకు రావాలి అని రాస్తారు. మా పిన్ని మాకవరపాలెంలో కూతురి దగ్గర నిక్షేపంలా బతికే ఉంది. ఆ జట్టును పెట్టిందే ఆవిడ.

పిన్ని అంటే నాకు చుట్టరికం ఏమీ లేదు. ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే షెడ్డుకు ఆవిడ పెద్ద. షెడ్డులో అడుగుపెట్టిన ప్రతి ఆడపిల్లకీ ఆవిడ పిన్నే. చిన్నతనంలో విశాఖపట్నంలో ఏదో ఆడపిల్లల హాస్టల్లో వంటపని చేసిందట. వంటగది కిటికీకి ఎదురుగా బాస్కెట్‌బాల్ కోర్టు. పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆట మొత్తం నేర్చేసుకుంది, ఒక్కరోజు కూడా బంతి ముట్టుకోకుండా. మా ఫ్యాక్టరీలో పిక్కలు ఎండబెట్టే సిమెంటు కళ్లం చూసి, ఇంత చోటు సాయంత్రం పూట ఊరికే పడి ఉందే అనుకుందట. పిక్కల తట్టను కుప్ప మీదకు ఎవరు గురిగా విసురుతున్నారో ఓ నెలరోజులు గమనించి పన్నెండు మందిని ఏరింది. అందులో రావికమతం నుంచి వచ్చే రైతు పిల్లలున్నారు, కొండ మీద నుంచి దిగి బంధువుల ఇళ్లలో ఉండి పనిచేసే పిల్లలు ముగ్గురున్నారు. ఆవిడకు డ్రిబ్లింగూ పాసూ లాంటి మాటలు నోరు తిరిగేవి కావు. "కొట్టుకుంటా రా", "అందియ్యి" అనేది, అంతే. ఆ రెండు మాటలతోనే మేము జిల్లా గెలిచాం.

ఇక పుస్తకంలో ఏముందో వినండి. షావుకారు గారు ఆడపిల్లల అభ్యున్నతి కోసం, ఆడిన గంటలకు కూడా కూలి ఇచ్చే విధానాన్ని ఉదారంగా ప్రవేశపెట్టారట. ఉదారంగా! మొదటి నెల మేము ఆడిన గంటలకు కూలి కోసేస్తే, ఇళ్లలో తిట్లు తినలేక నలుగురు మానేస్తామన్నారు. మర్నాడు పొద్దున పిన్ని షెడ్డులో సుత్తి కింద పెట్టి కూర్చుంది. ఆవిడను చూసి అరవై మంది కూర్చున్నారు. షావుకారు గారు పంచె ఎగ్గట్టుకుని వచ్చి, ఆటలాడుకుంటే కూలేమిటని గట్టిగానే అడిగారు. పిన్ని లేచి నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది.

"మీ కంపెనీ పేరు వీపు మీద రాసుకుని ఎండలో పరిగెత్తుతుంటే అది ఆటేటి బాబూ, పనే. పనని రాయండి."

మధ్యాహ్నానికల్లా ఆటను పని కింద రాశారు. ఇవాళ ఆ పులి పిల్లలు జీతం తీసుకుంటున్నారంటే దాని మొదలు ఆ పూటే. పుస్తకంలో ఆ పూట లేదు.

రింగు సంగతి చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "వ్యవస్థాపకుల దూరదృష్టితో, ప్రమాణం కంటే ఎత్తులో రింగు అమర్చి శాస్త్రీయ శిక్షణ ఇచ్చారు" అని రాశారు. నా మొహం శాస్త్రీయం! పది అడుగులు ఉండాలని పిన్నికి తెలుసు. టేపు ఆఫీసు గదిలో ఉంది, అడిగితే గుమస్తా ఇవ్వలేదు. సరే, అడుగున్నరకి మూర కదా, ఏడు మూరలైతే ఓ పిసరు అటూ ఇటూ సరిపోతుందని లెక్కేసి, బస్తాలు మోసే పెద్దాయన చేత రింగు బిగించే గెడ కొలిపించింది. ఆయన మనిషే తాటిచెట్టు, ఆ చేతి మూర ఎంతుంటుందో ఎవరూ ఆలోచించలేదు. రింగు పదకొండు అడుగులకు పోయింది. రెండేళ్లు మేము దానికే వేశాం, మెడలు పట్టేసేవి. అనకాపల్లిలో మొదటి మ్యాచ్‌కి వెళ్తే వేసిన ప్రతి బంతీ బోర్డు దాటి అవతల పడింది, చిత్తుగా ఓడిపోయాం. అంత పొడుగు తప్పు చేసినందుకు తిరుగు బస్సులో పిన్ని మాకు దండం పెట్టి, తనే ముందు నవ్వింది. ఆ తప్పు కూడా ఆవిడదని ఒప్పుకోరా? దాన్ని కూడా ఎత్తుకుపోవాలా?

అన్నింటికంటే నా కడుపు రగిలింది మాత్రం ఫోటో పక్కన రాసిన మాటకు. మేమందరం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాం. "నాటి క్రీడాకారిణుల క్రమశిక్షణకు ఈ చిత్రమే నిదర్శనం" అట. జీడిపిక్క కొట్టిన చెయ్యి ఎలా ఉంటుందో ఈ రాసినవాడు ఎప్పుడైనా చూశాడా? రసం తగిలి చర్మం కాలిపోతుంది, నల్లగా పొలుసులు లేస్తుంది, ఎంత బూడిద రుద్దినా, ఎంత ఆముదం రాసినా పోదు. ఫోటో తీసే ముందు పక్క జట్టు పిల్లలు, కాలేజీ పిల్లలు, మా చేతులు చూసి ముక్కు మీద వేలేసుకుని నవ్వారు. మేము గబుక్కున చేతులు వెనక దాచుకున్నాం. అది సిగ్గండీ, క్రమశిక్షణ కాదు. ఆ పుస్తకం దొరికితే ఫోటో చూడండి: ఒకే ఒక్క మనిషి రెండు నల్లటి చేతులూ కడుపు మీద కట్టుకుని, కెమెరాకేసి సూటిగా చూస్తూ నిలబడింది. ఆవిడేనట గుర్తు తెలియనిది.

ఊరుకోలేదు నేను. ఆ జట్టు వల్ల వచ్చిన సర్టిఫికెట్టుతోనే బస్సు డిపోలో క్లర్కు ఉద్యోగం సంపాదించి, దానితోనే పిల్లల్ని చదివించుకున్నదాన్ని, ఎలా ఊరుకుంటాను? పుస్తకం వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఎత్తినవాణ్ణి ఊపిరి తీసుకోనివ్వకుండా కడిగేశాను. పాపం మర్యాదస్తుడు, అంతా విన్నాడు.

"చాలా పొరపాటు జరిగిందమ్మా, తప్పకుండా సరిచేస్తాం. ఆవిడ పూర్తి పేరు చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు.

నోరు తెరిచాను. పిన్ని. పిన్ని తర్వాత నా దగ్గర ఇంకేమీ లేదు. మళ్లీ చేస్తానని పెట్టేసి, రావికమతంలో ఉన్న మా పాత కెప్టెనుకు ఫోన్ చేశాను. పిన్ని పేరు పిన్నే కదే అంది అది. ఇంకొకత్తెకు చేశాను, అక్కడా అదే. అంతసేపు పుస్తకం రాసినవాణ్ణి తిట్టిన నోరు నాదే, తల తీసేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే మాకవరపాలెం ఆటో ఎక్కాను. పిన్ని వీధరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. ఎనభై దాటాయి, చెవులు మందగించాయి, చూపు బాగానే ఉంది. పుస్తకం చేతిలో పెట్టాను. కింద అచ్చు వైపు చూడలేదు, ఆవిడకు చదువు రాదు. ఫోటో మీద వేలు పెట్టి ఎడమ నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్కరి పేరు, ఇంటిపేరు, ఏ ఊరు పిల్ల, ఎవరి కూతురు, తడుముకోకుండా పన్నెండు మందినీ చెప్పింది. కొండ పిల్లలు ముగ్గురివీ కూడా. తన దగ్గరకొచ్చేసరికి వేలు తీసేసి, మళ్లీ చింతపండు అందుకుంది.

సిగ్గు చంపుకుని పేరు అడిగాను.

"నూకరత్నమే. ఇన్నాళ్లకి ఎవులో అడిగినారు" అంది. గింజ తీస్తూనే, "ఇంటిపేరేది సెప్పమన్నావు, మా అయ్యదా, మీ సిన్నాన్నదా? వొల్లకో. నూకరత్నమని రాయించు, సాలు."

అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పాను. రాసుకున్నాడు, వచ్చే సీజను పుస్తకంలో తప్పకుండా వేస్తామన్నాడు. వచ్చే సీజనట! ఎనభై దాటిన మనిషిని వాళ్ల సీజను దాకా ఆగమంటారా? అందుకే ఆగకుండా ఇక్కడ రాసేస్తున్నాను. ఆ జట్టును పెట్టింది నూకరత్నం. మా పన్నెండు మంది పేర్లూ ఆవిడ నలభై ఏళ్లు నోట్లో పెట్టుకుని కాపాడింది. ఆవిడ పేరు ఒక్కసారి అడగడానికి మాకు ఆ నలభై ఏళ్లూ పట్టాయి.